బేసిక్ రూల్స్‌లో కాన్‌స్టిట్యూషన్ 5, హిట్ పాయింట్ 1: మళ్లీ రోల్ చేయనివ్వాలా?

గుహలో_దీపం
1981 డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) బేసిక్ రూల్స్‌తో కొత్త గేమ్ మొదలుపెడుతున్నాను. టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన పుస్తకం, ఉన్నది ఉన్నట్టు, నా హౌస్ రూల్స్ ఏమీ కలపలేదు. నలుగురు ప్లేయర్లు. ముగ్గురికి 5వ ఎడిషన్ తప్ప ఇంకేమీ తెలియదు. క్యారెక్టర్లు చేయించాను: 3డీ6 (ఆరు ముఖాల డైస్ మూడు వేసి కలపడం), ఆరుసార్లు, వరస మార్చకూడదు. మొదటిది స్ట్రెంగ్త్, చివరిది కరిస్మా.

ముగ్గురికి ఫర్వాలేదు. నాలుగోవాడు మా పిన్ని కొడుకు. వాడికి పడినవి ఇవి: స్ట్రెంగ్త్ 8, ఇంటెలిజెన్స్ 9, విజ్‌డమ్ 7, డెక్స్‌టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 5, కరిస్మా 13. డెక్స్‌టెరిటీ ఉంది కదా అని థీఫ్ (దొంగ) క్లాసు తీసుకున్నాడు. హిట్ పాయింట్లకి (ప్రాణం ఎంతుందో చెప్పే అంకె) డీ4, అంటే నాలుగు ముఖాల డైస్, వేస్తే 2 పడింది. కాన్‌స్టిట్యూషన్ 5కి మైనస్ 2. లెక్క ప్రకారం సున్నా, కానీ ఎంత తగ్గినా కనీసం 1 ఉంటుందని రూలు. కాబట్టి హిట్ పాయింట్ ఒక్కటి.

రెండు పాయింట్లు తగ్గించి ఒకటి పెంచుకునే రూలు ఉంది కానీ, అలా తగ్గించేటప్పుడు ఏ స్కోరూ 9 కిందికి దిగకూడదు. తగ్గించడానికి రూలు ఒప్పుకునే స్కోర్లలో వాడికి 9 దాటింది ఏదీ లేదు. ఇక పనికిరాని క్యారెక్టర్ల గురించి ఒక పేరా ఉంది. ఆరు స్కోర్లూ 9 కంటే తక్కువైనా, 3 నుంచి 6 లోపు స్కోర్లు ఒకటికి మించి ఉన్నా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) పక్కన పెట్టించవచ్చు. వీడికి అలాంటి స్కోరు ఒక్కటే. విజ్‌డమ్ 7 బదులు 6 పడి ఉంటే హాయిగా కొత్తది చేయించేదాన్ని.

వాడు మళ్లీ వేస్తానని అడగలేదు. షీటు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అదే నాకు బాధగా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

బెజవాడ_బార్బేరియన్
మళ్లీ వేయించు. ఆడుకోడానికి వచ్చారు, జాతకం చెప్పించుకోడానికి కాదు.

పాతపుస్తకాల_రావు
వేయించొద్దు. రూల్స్ కలపకుండా ఆడతానని నువ్వే అన్నావు. మొదటి రోజే మొదటి రూలు వదిలేస్తే మిగతా ముగ్గురూ రేపు తమ స్కోర్ల గురించి అడుగుతారు.

విశాఖ_విజార్డ్
దీపం అక్కా, స్కోర్లు ముట్టుకోకుండా ఒక దారుంది. మొదటి లెవెల్‌లో హిట్ పాయింట్ల డైస్ మీద 1 కానీ 2 కానీ పడితే డీఎం మళ్లీ వేయనివ్వవచ్చని అదే పుస్తకంలో ఉంది. తమ్ముడికి 2 పడింది కదా, అది వాడుకో.

లెక్కలమాస్టారు
వాడుకున్నా ఒరిగేదేమీ లేదు. డీ4 మీద 1 పడినా, 2 పడినా, 3 పడినా మైనస్ 2 తీసేస్తే చేతికొచ్చేది 1. 4 పడితేనే 2. ఈ థీఫ్‌కి మొదటి లెవెల్‌లో వచ్చే గరిష్ఠం రెండు హిట్ పాయింట్లు.

విశాఖ_విజార్డ్
అయ్యబాబోయ్.

గుంటూరు_గాబ్లిన్
రెండు హిట్ పాయింట్లతో ఏం చేస్తాడు? సాలెగూడు తగిలినా పోతాడు.

పాతపుస్తకాల_రావు
ఆగండి. అందరూ 5వ ఎడిషన్ కళ్లద్దాలతో చూస్తున్నారు. ఈ 3డీ6 ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం.

1974లో అమెరికాలోని లేక్ జెనీవా ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ పేర్లతో వచ్చిన మొట్టమొదటి డీ అండ్ డీ మూడు చిన్న పుస్తకాల్లో అప్పటికి మూడే క్లాసులు: ఫైటింగ్-మ్యాన్, మ్యాజిక్-యూజర్, క్లెరిక్. డైస్ వేసేది ప్లేయర్ కూడా కాదు, రిఫరీ. ఆ స్కోర్లు ఆటలో చేసే పని చాలా తక్కువ. స్ట్రెంగ్త్ 18 ఉన్నా దెబ్బ గట్టిగా తగలదు, గురి పెరగదు. ఫైటింగ్-మ్యాన్‌కి అనుభవం పాయింట్లు కాస్త ఎక్కువ వస్తాయి, అంతే. డెక్స్‌టెరిటీ బాగుంటే బాణం గురి ఒకటి పెరుగుతుంది. ఇంటెలిజెన్స్‌కి భాషలు. నిజంగా బరువున్న స్కోరు కరిస్మా, ఎందుకంటే ఎంతమందిని కూలికి పెట్టుకోగలవో, వాళ్లు ఎంత నమ్మకంగా ఉంటారో చెప్పేది అదే. మిగతాదంతా ప్లేయర్ బుర్ర. స్కోరు తక్కువ పడితే నష్టమే లేని చోట వరసగా వేయమనడం ఏ రకంగానూ అన్యాయం కాదు.

స్ట్రెంగ్త్‌కి దెబ్బ బోనస్, 18 మీద వందకి వేసే పర్సెంటేజీ, ఇవన్నీ 1975లో గ్రేహాక్ సప్లిమెంట్‌తో వచ్చాయి. థీఫ్ క్లాసు, పాలడిన్ (ధర్మవీరుడి క్లాసు) కూడా అందులోనే. స్కోరు మీద మోజు అక్కడ మొదలైంది.

బెజవాడ_బార్బేరియన్
రావు గారూ, అది 1974. ఆవిడ ఆడేది 1981. కాన్‌స్టిట్యూషన్ 5కి లెవెల్ లెవెల్‌కీ మైనస్ 2 అంటుంటే స్కోర్లకి బరువు లేదని ఎలా అంటారు?

లెక్కలమాస్టారు
బార్బేరియన్ అన్నది నిజం, లెక్క వేసి చూపిస్తాను.

1974 పుస్తకాల్లో కాన్‌స్టిట్యూషన్ 6, అంతకంటే తక్కువ ఉంటే ఒక్కో హిట్ డైస్‌కి మైనస్ 1. అప్పట్లో అందరికీ డీ6. అంటే మొదటి లెవెల్ మనిషికి సగటున రెండున్నర పైచిలుకు హిట్ పాయింట్లు. 1981లో థీఫ్‌కి డీ4, మైనస్ 2. సగటు ఒకటింపావు. అదే స్కోరు, అదే 3డీ6. చేతికొచ్చేది సగానికి సగం పడిపోయింది.

ఇంకో సంగతి. 3డీ6 మీద 5 కానీ అంతకంటే తక్కువ కానీ పడటం 216లో 10 సార్లే, నూటికి ఐదుకి కాస్త తక్కువ. అరుదే అనిపిస్తుంది. కానీ ఆరుసార్లు వేస్తున్నాం కదా. ఆరింటిలో కనీసం ఒక్కటైనా 5 లోపు పడే అవకాశం నూటికి దాదాపు 25. నలుగురు ప్లేయర్ల టేబుల్ మీద ఒకడికి ఇలా రావడం మామూలు విషయం, దురదృష్టం కాదు. దీపం గారు చెప్పిన పనికిరాని క్యారెక్టర్ల రూలు (3-6 మధ్య రెండు స్కోర్లు) సుమారు పదిమందిలో ఒకరికి వర్తిస్తుంది. వీళ్ల తమ్ముడు ఆ గీత అవతల పడ్డాడు.

గుహలో_దీపం
మాస్టారూ, ఆ 25 శాతం మాట వాడికి చెప్తాను. తన చెయ్యి మంచిది కాదని అనుకుంటున్నాడు.

రాణి_రుద్రమ_డీఎం
ఇదే క్యారెక్టర్‌ని అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీకి (ఏడీ అండ్ డీ) తీసుకెళ్తే ఏమవుతుందో తెలుసా? అక్కడ థీఫ్‌కి డీ6, కాన్‌స్టిట్యూషన్ 5కి మైనస్ 1 మాత్రమే. పైకి చూస్తే మేలు. కానీ 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ టేబుల్ దగ్గరే చిన్న షరతు ఉంది: కాన్‌స్టిట్యూషన్ 5 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే ఇల్యూజనిస్ట్ (కనికట్టు మాంత్రికుడు) తప్ప ఇంకేమీ కాకూడదు. సరే, ఇల్యూజనిస్ట్ చేద్దామంటే ఇంటెలిజెన్స్ 15, డెక్స్‌టెరిటీ 16 కావాలి. తమ్ముడికి 9, 14.

అంటే ఆ పుస్తకం ప్రకారం ఈ మనిషికి క్లాసే లేదు.

గుంటూరు_గాబ్లిన్
క్లాసు లేని వీరుడు. ఇంటర్‌లో నా అటెండెన్స్ కూడా ఇంతే.

విశాఖ_విజార్డ్
రాణి అక్కా, మరి ఏడీ అండ్ డీలో 3డీ6తో ఎవరైనా ఎలా ఆడేవాళ్లు?

రాణి_రుద్రమ_డీఎం
ఆడమని ఆ పుస్తకం అనలేదు. అదే నేను చెప్పబోతున్నది. రావు గారు పాత ఆట అంటే వరసగా 3డీ6 అన్నట్టు మాట్లాడుతున్నారు. కానీ గైగాక్స్ స్వయంగా 1978కే మనసు మార్చుకున్నారు. క్యారెక్టర్ బతకాలంటే కనీసం రెండు స్కోర్లు 15 గానీ పైన గానీ ఉండటం దాదాపు తప్పనిసరి అని ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే రాశారు. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో నాలుగు పద్ధతులు ఇచ్చారు. మొదటిది అందరికీ తెలిసిన 4డీ6: చిన్నది తీసేసి మిగతా మూడు కలిపి, నచ్చిన చోట పెట్టుకోవడం. రెండోది పన్నెండుసార్లు 3డీ6 వేసి మంచి ఆరు ఉంచుకోవడం. మూడోది ఒక్కో స్కోరుకీ ఆరేసిసార్లు వేసి పెద్దది తీసుకోవడం. నాలుగోది పన్నెండు క్యారెక్టర్లు వరసగా వేసి ఒకదాన్ని ఎంచుకోవడం. మామూలు 3డీ6తో పడే అంతంతమాత్రం క్యారెక్టర్లతో ప్లేయర్లు నిరుత్సాహపడతారని కారణం కూడా చెప్పారు.

వరసగా 3డీ6 వేయనంత మాత్రాన పాత ఆట కాకుండా పోదు.

లెక్కలమాస్టారు
4డీ6లో చిన్నది తీసేస్తే సగటు 10.5 నుంచి 12.24కి లేస్తుంది. ఒక్క రోల్‌లో 18 పడే అవకాశం 216లో ఒకటి నుంచి దాదాపు 62లో ఒకటికి వస్తుంది.

పాతపుస్తకాల_రావు
రాణి గారి మాట కాదనను. కానీ పద్ధతి ఎందుకు మారిందో కూడా చూడాలి. ఏడీ అండ్ డీలో స్ట్రెంగ్త్ 16కి కూడా దెబ్బ మీద ప్లస్ 1 తప్ప ఇంకేమీ రాదు, కాన్‌స్టిట్యూషన్‌కి 15 దాకా బోనస్ లేదు. స్కోర్ల విలువ అంతా 15 పైకి ఎక్కించారు కాబట్టి, 15లు పడే పద్ధతి ఇవ్వాల్సి వచ్చింది. మోల్డ్‌వే పుస్తకంలో 13కే ప్లస్ 1 మొదలు. ఆ టేబుల్‌కి 3డీ6 సరిపోతుంది. 4డీ6 తెచ్చి 1981 టేబుల్ మీద వేస్తే అందరూ మల్లయోధులే.

బెజవాడ_బార్బేరియన్
ఇది మాత్రం మంచి పాయింటు. ఒప్పుకుంటాను.
తమ్ముడికి మళ్లీ వేయించాలనే ఇప్పటికీ అంటాను.

డల్లాస్_మామయ్య
80ల చివర్లో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చినప్పుడు డార్మ్‌లో పక్క గది వాళ్లు ఏడీ అండ్ డీ ఆడేవాళ్లు, నన్నూ కూర్చోబెట్టారు. అందరికీ పాలడిన్ మీద ఆశ. స్ట్రెంగ్త్ 12, ఇంటెలిజెన్స్ 9, విజ్‌డమ్ 13, కాన్‌స్టిట్యూషన్ 9, అన్నిటికీ మించి కరిస్మా 17 కావాలి. మా డీఎం ఎదుట వేసిన డైస్ మాత్రమే లెక్క అనేవాడు. ఒక కుర్రాడు ప్రతిసారీ ఇంట్లో వేసుకొచ్చానని పాలడిన్ షీటుతో వచ్చేవాడు. డీఎం ఏమీ అనకుండా చిరునవ్వుతో ఆ షీటు తీసి తన ఫైల్లో పెట్టుకుని, మూడు డైస్ అతని ముందుకు తోసేవాడు. ఆ డైస్ అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. అంకెల్లో మైనం రంగు కూడా సగం ఊడిపోయింది. అప్పట్లో అంకెలు కనబడాలంటే మనమే క్రేయాన్ రుద్దుకోవాలి.

ఎదుట వేసి పాలడిన్ అయినవాణ్ణి ఆ టేబుల్ మీద నేను చూడలేదు.

లెక్కలమాస్టారు
చూడకపోవడంలో వింత లేదు మామయ్య గారూ. వరసగా 3డీ6 అయితే పాలడిన్ అర్హత దాదాపు వెయ్యికి ఒకరికి. కరిస్మా 17 ఒక్కటే నూటికి రెండు కంటే తక్కువ.

విశాఖ_విజార్డ్
అందుకేనేమో 1985 అనర్త్డ్ ఆర్కానాలో ముందు క్లాసు ఎంచుకుని, ముఖ్యమైన స్కోరుకి తొమ్మిది డైస్ దాకా వేసి మంచి మూడు ఉంచుకునే పద్ధతి పెట్టారు. ఎల్ఫ్ లాంటి వేరే జాతులకి కాదు, మనుషుల క్యారెక్టర్లకి మాత్రమే అది. అది చదివినప్పుడు నాకైతే డైస్ వేయడం ఎందుకు, నేరుగా 17 రాసుకోండి అనిపించింది.

బెజవాడ_బార్బేరియన్
రాసుకుంటే తప్పేంటి? పాయింట్లు పంచుకునే పద్ధతి ఎంత శుభ్రం. అందరికీ సమానం. గొడవ ఉండదు.

పాతపుస్తకాల_రావు
అది కొత్తవాళ్ల పద్ధతి.

కర్నూలు_కోబోల్డ్
కాదు రావు గారూ. స్టీవ్ జాక్సన్ చేసిన మెలీ అనే ఆట 1977లోనే వచ్చింది. అందులో డైసే లేదు. స్ట్రెంగ్త్ 8, డెక్స్‌టెరిటీ 8తో మొదలుపెట్టి ఇంకో 8 పాయింట్లు నచ్చినట్టు పంచుకోవాలి. మరుసటి ఏడాది విజార్డ్‌లో ఇంటెలిజెన్స్ కూడా కలిపి మొత్తం 32. ఏడీ అండ్ డీ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కంటే పాతది ఈ ఆలోచన.

పాతపుస్తకాల_రావు
మెలీ, విజార్డ్ ఉన్న ఫాంటసీ ట్రిప్ సంగతి వేరు. అది మొదట కత్తియుద్ధాల బోర్డ్ గేమ్. ఇద్దరు ఎదురెదురుగా పోరాడేటప్పుడు సమానంగా ఉండాలి కాబట్టి పాయింట్లు పెట్టారు. గుహలోకి కలిసి వెళ్లే గుంపులో అందరూ సమానంగా ఉండాల్సిన అవసరం ఏముంది?

బెజవాడ_బార్బేరియన్
అవసరం ఉంది. ఒకడు రాత్రంతా కూర్చుని పక్కవాడి దెబ్బలు లెక్కపెట్టడానికి రాడు. మా టేబుల్ మీద జరిగింది చెప్తాను. ఒకతనికి స్ట్రెంగ్త్ 18, పర్సెంటేజీ వేస్తే తొంభై పైన. పక్కన మా ఫ్రెండ్‌కి అన్నీ తొమ్మిదులు, పదులు. ఇద్దరూ ఫైటర్లే. మొదటివాడు కొట్టినప్పుడల్లా టేబుల్ అరుస్తుంది. రెండోవాడు కొద్దిరోజులకి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు, తర్వాత రావడం మానేశాడు. మంచి ఆలోచనలున్న ప్లేయర్. ఆ రోజు డైస్ కాస్త బాగా పడి ఉంటే ఇప్పటికీ మాతో ఆడేవాడు. రావు గారూ, ప్లేయర్ బుర్ర ముఖ్యం అంటారు, ఆ బుర్ర ఉన్నవాడే వెళ్లిపోయాడు.

రాణి_రుద్రమ_డీఎం
దీనికి నా దగ్గర జవాబు లేదు. గ్రేహాక్‌తో వచ్చిన ఆ పర్సెంటేజీ స్ట్రెంగ్త్ నాకు ఎప్పుడూ నచ్చలేదు. 18కి, 18/00కి (పర్సెంటేజీ వంద పడితే అలా రాస్తారు) మధ్య దూరం మరీ ఎక్కువ, అదీ ఫైటర్లకి మాత్రమే. పైగా 1978 పుస్తకంలో మనిషి ఆడ క్యారెక్టర్‌కి 18/50 దగ్గర గీత గీశారు. ఆడ హాఫ్లింగ్‌కి అయితే 14 దగ్గరే. నేను ఆ టేబుల్ మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసేసి పక్కన పెట్టాను. 1989 రెండో ఎడిషన్‌లో తీసేశారు. మోల్డ్‌వే బేసిక్‌లో అది అసలు లేదు, నేను ఆ పుస్తకాన్ని ఇష్టపడటానికి అదొక కారణం.

పాత రూల్స్ ఆడదాం అనేవాళ్లు ఇలాంటివి కూడా చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవాలి. ఉన్నదున్నట్టు అన్నది గొప్పేమీ కాదు.

డల్లాస్_మామయ్య
మా డార్మ్ టేబుల్ మీద ఆ గీతని ఎవరూ పట్టించుకోలేదమ్మా. ఎల్ఫ్ ఫైటర్ స్ట్రెంగ్త్ 18 ఉన్నా 7వ లెవెల్ దగ్గర ఆగిపోవాలన్న రూలు కూడా అంతే.

హన్మకొండ_హాఫ్లింగ్
మధ్యలో వస్తున్నాను. అందరూ డీ అండ్ డీ చుట్టూనే తిరుగుతున్నారు. 1986 వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే చూడండి. అక్కడ స్కోర్లతో పాటు నీ ఉద్యోగం కూడా డైస్ చెప్తుంది. నాకు ర్యాట్ క్యాచర్ పడింది. ఎలుకలు పట్టేవాడు. సామాన్ల జాబితాలో చిన్నదే కానీ కోపిష్ఠి కుక్క ఒకటి ఉంటుంది. మొదట నాకూ ఏడుపొచ్చింది. కానీ ఊళ్లో మురుగు కాలవలు ఎక్కడెక్కడికి పోతాయో మా గుంపులో నాకొక్కడికే తెలియాలి కదా అని డీఎంని అడిగాను, ఒప్పుకున్నారు. ఇక ప్రతి దొంగతనానికీ దారి నేనే చూపించాను. కుక్క నా కంటే ఎక్కువ మందిని కరిచింది. డైస్ ఇవ్వకపోతే ఆ మనిషిని నేను జన్మలో తయారుచేసుకునేవాణ్ణి కాదు.

పైగా అందులో ఫేట్ పాయింట్లు ఉంటాయి. చావాల్సినప్పుడు ఒకటి ఖర్చుపెట్టి బతకొచ్చు. అంటే డైస్ మీద వదిలేసిన ఆటే, ఆ డైస్ నుంచి కాపాడే దారి కూడా ఇచ్చింది.

గుంటూరు_గాబ్లిన్
కుక్క పేరేంటి?

హన్మకొండ_హాఫ్లింగ్
సింగం.

కర్నూలు_కోబోల్డ్
ఫాంటసీ కాదు కానీ, 1977 ట్రావెలర్‌లో అయితే క్యారెక్టర్ చేస్తుండగానే చనిపోవచ్చు. నాలుగేళ్ల సర్వీసు ఒక టర్మ్, ప్రతి టర్మ్‌కీ బతికాడా లేదా అని రోల్. పోతే కాగితం చింపేసి మళ్లీ మొదలు. దాంతో పోలిస్తే తమ్ముడు అదృష్టవంతుడు.

నెట్‌సెంటర్_నాయుడు
నేను ఈ రూల్స్‌ని కంప్యూటర్ మీదే చూశాను. 1998 బాల్డర్స్ గేట్‌లో రీరోల్ బటన్, పక్కనే స్టోర్, రీకాల్. మా ఊరి నెట్ సెంటర్లో గంటకి డబ్బులు కట్టి, ఆ గంటంతా రీరోల్ నొక్కుతూ కూర్చునేవాళ్లం. తొంభై దాటిన మొత్తం వచ్చేదాకా ఎవడూ ఆట మొదలుపెట్టేవాడు కాదు. అంత కష్టపడి చేసిన క్యారెక్టర్‌ని మొదటి ఊరు దాటగానే తోడేలు చంపేసేది. లోడ్ కొట్టి మళ్లీ. ఆ ఆటలో నాకు గుర్తున్న మనుషులు మాత్రం నేను రోల్ చేసినవాళ్లు కాదు, దారిలో కలిసినవాళ్లు.

విశాఖ_విజార్డ్
రీరోల్‌కి అంతు లేకపోతే అదే జరుగుతుంది. 14 పడితే 15 కావాలి, 15 పడితే 17 కావాలి.

పాతపుస్తకాల_రావు
బార్బేరియన్ చెప్పిన ఫ్రెండ్ సంగతి గురించి ఆలోచించాను. అక్కడ ఇబ్బంది 3డీ6 ఒక్కదాని వల్ల రాలేదు. క్యారెక్టర్లు నెలల తరబడి బతికే ఆటలో, మొదటి రోజు పడిన అంకెల్ని మోసుకు తిరగమన్నారు. మోల్డ్‌వే ఆట అలా ఉండదు. సున్నాకి వస్తే చావే. పుస్తకంలో ఆట ఎలా నడుస్తుందో చూపించే సంభాషణలోనే బ్లాక్ డూగల్ అనే థీఫ్ పెట్టె తెరవబోయి విషపు సూది గుచ్చుకుని పడిపోతాడు. కొత్తవాళ్లకి నేర్పే పేజీలో పెట్టారు దాన్ని. క్యారెక్టర్ తయారీకి పది నిమిషాలు, పోతే ఇంకో పది నిమిషాలు. అన్నీ తొమ్మిదులు పడ్డవాడికీ, 18 పడ్డవాడికీ చావు దగ్గర పెద్ద తేడా లేదు. బేసిక్‌లో వేరే ఆప్షన్ తీసుకోకపోతే ఏ ఆయుధానికైనా డీ6 దెబ్బే. నాలుగు హిట్ పాయింట్లున్నవాడు కూడా ఒక్క దెబ్బకి సగం సార్లు పోతాడు.

కాబట్టి వరసగా 3డీ6 ఉంచితే, తొందరగా చావడమూ, తొందరగా కొత్తది చేయడమూ ఉంచాలి. అవి తీసేసి దీన్ని ఒక్కదాన్నే ఉంచితే బార్బేరియన్ టేబుల్ మీద జరిగినట్టే జరుగుతుంది.

బెజవాడ_బార్బేరియన్
ఇప్పుడు ఇద్దరం ఒకే మాట అంటున్నాం. నా టేబుల్ మీద ఎవరూ చావరు, అందుకే నాకు పాయింట్లు కావాలి.

రాణి_రుద్రమ_డీఎం
దీపం, ఒకటి అడగాలి. నీ ఆటలో చావు ఎలా ఉండబోతోంది? ప్లేయర్లు వాళ్ల క్యారెక్టర్లకి పెద్ద కథలు రాసుకొచ్చారా?

గుహలో_దీపం
ఒకమ్మాయి రెండు పేజీలు రాసుకొచ్చింది. చావు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే. సున్నా అంటే సున్నా.

రాణి_రుద్రమ_డీఎం
ఆ అమ్మాయితో ముందే మాట్లాడు. మొదటి సెషన్‌లోనే ఆ రెండు పేజీలు పోతే తమ్ముడి కంటే ఎక్కువ బాధపడేది తనే. 5వ ఎడిషన్ నుంచి వచ్చినవాళ్లకి ఇది ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, పుస్తకం చదివి అర్థం చేసుకుంటారనుకోవద్దు.

తమ్ముడి విషయానికి: ఒక్కొక్కరి చేత రెండేసి క్యారెక్టర్లు చేయించు. మళ్లీ రోల్ చేయడం కాదు, అదనంగా. ఒకటి గుహలో, ఒకటి ఊళ్లో. 1991 డార్క్ సన్‌లో ఇలాంటి ఏర్పాటే ఉంది, ఒక్కో ప్లేయర్‌కి నాలుగు క్యారెక్టర్ల ట్రీ, ఒకటి ఆటలో ఉంటే మూడు వెయిటింగ్. ఆ లోకంలో చావు ఎక్కువని ముందే తెలిసి చేసిన పని అది. 3వ లెవెల్ నుంచి మొదలుపెట్టి, స్కోర్లకి 5డీ4 వేయించి, దాని మీద ఇది కూడా ఇచ్చారు.

హన్మకొండ_హాఫ్లింగ్
లేదా 2012 డంజన్ క్రాల్ క్లాసిక్స్ ఫనెల్ పద్ధతి. ఒక్కొక్కరికీ మూడు నాలుగు జీరో లెవెల్ మనుషులు, రైతు, కమ్మరి, ఎవరో ఒకరు. అందరినీ గుహలోకి తోలడమే. బయటికి వచ్చినవాళ్లకే 1వ లెవెల్. కాన్‌స్టిట్యూషన్ 5 ఉన్నవాడు బతికి వస్తే టేబుల్ అంతా లేచి చప్పట్లు కొడుతుంది, నేను చూశాను.

డల్లాస్_మామయ్య
తమ్ముడి షీటులో ఎవరూ చూడనిది ఒకటుంది. కరిస్మా 13. రావు గారు మొదట్లో చెప్పినట్టు పాత ఆటలో అదే పెద్ద స్కోరు. బేసిక్‌లో 13కి అయిదుగురు రిటైనర్లని (కూలికి వచ్చే మనుషులు) పెట్టుకోవచ్చు, వాళ్ల మొరేల్, అంటే భయపడి పారిపోకుండా నిలబడే అంకె, 8. ఎదురుపడిన వాళ్ల రియాక్షన్ రోల్ మీద ప్లస్ 1 కూడా. డబ్బులు 3డీ6 ఇంటూ 10 కదా, ఎంత పడ్డాయి?

గుహలో_దీపం
130 బంగారు నాణేలు. తోలు కవచం 20, పనిముట్లు 25, చిన్న విల్లు 25. బాణాలు, తాడు, టార్చీలు పోను నలభై దాకా మిగిలాయి.

డల్లాస్_మామయ్య
ఇంకేం. ఇద్దరు మనుషుల్ని పెట్టుకోమను. వాళ్లు ముందు, వీడు వెనక విల్లుతో. డెక్స్‌టెరిటీ 14కి బాణం గురి ప్లస్ 1, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె, ఇందులో తక్కువైతే మేలు) 6. ముందు నిలబడి పోరాడాల్సిన అవసరమే లేదు. రిటైనర్లకి దోపిడీలో సగం వాటా అయినా ఇవ్వాలి, అనుభవం పాయింట్లు వాళ్లకి సగమే వెళ్తాయి. ఈ లెక్కలు వాడికి ముందే చెప్పు, తర్వాత గొడవ పడకుండా.

లెక్కలమాస్టారు
డెక్స్‌టెరిటీ 13 దాటింది కాబట్టి థీఫ్‌కి అనుభవంలో 5 శాతం అదనం కూడా ఉంది. 1200 పాయింట్లకే 2వ లెవెల్. మిగతా క్లాసులన్నిటి కంటే తొందరగా.

బెజవాడ_బార్బేరియన్
2వ లెవెల్‌లో మళ్లీ డీ4 మైనస్ 2 కదా మాస్టారూ.

లెక్కలమాస్టారు
అవును. ఒకటో రెండో కలుస్తుంది.

గుంటూరు_గాబ్లిన్
డైస్ గురించి ఒక డౌటు. మా ఊళ్లో మామూలు ఆరు ముఖాలవి తప్ప డీ4, డీ20 దొరకవు. ఆన్‌లైన్లో ఒక షాపు నుంచి తెప్పిస్తే డీ20 మీద 7 రెండుసార్లు ఉంది, 17 లేదు. ఫోన్ యాప్ కాకుండా ఇంకేమైనా దారి ఉందా?

కర్నూలు_కోబోల్డ్
చీటీలు. 1970ల చివర్లో డైస్ కొరత వచ్చినప్పుడు డీ అండ్ డీ వేసే కంపెనీ టీఎస్ఆర్ వాళ్లే బేసిక్ పెట్టెల్లో డైస్ బదులు అంకెలు వేసిన చీటీలు పెట్టి అమ్మారు. గ్లాసులో వేసి కలిపి ఒకటి తీయడమే. తీసినది మళ్లీ గ్లాసులో వేయడం మర్చిపోకు. పుస్తకం కొనలేకపోతే బేసిక్ ఫాంటసీ అనే ఇలాంటి ఆటే ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అదీ 3డీ6 పద్ధతే.

గుహలో_దీపం
తమ్ముడితో మాట్లాడాను. రెండేసి క్యారెక్టర్ల ఆలోచన అందరికీ చెప్పాను, నలుగురూ సరేనన్నారు. రెండు పేజీల అమ్మాయి తన కథని ఊళ్లో ఉండే క్యారెక్టర్‌కి మార్చుకుంది. తమ్ముడికి రెండోసారి ఫైటర్ పడ్డాడు, స్ట్రెంగ్త్ 15. అయినా మొదటి సెషన్‌కి థీఫ్‌నే తెస్తానన్నాడు, కరిస్మా సంగతి విన్నాక. ఇద్దరు రిటైనర్లకి పేర్లు కూడా పెట్టేశాడు. మళ్లీ రోల్ చేయించడం లేదు.

బెజవాడ_బార్బేరియన్
నేనైతే చేయించేవాణ్ణి. అయినా వాడికి నచ్చితే సరే. ఏమైందో రాయి.

విశాఖ_విజార్డ్
అక్కా, రిటైనర్ల మొరేల్ ఎప్పుడు చూస్తావు? ప్రతి ఫైట్‌లోనా?

గుహలో_దీపం
అనుకున్నదానికంటే పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు, ఇంకా ఒక్కో అడ్వెంచర్ అయిపోయాక. రెండు డైస్ వేస్తే 8 లోపు పడాలి. అంతకు మించితే వెళ్లిపోతారు. తమ్ముడు వాటా ఎలా పంచుతాడో చూసి అవసరమైతే ఒకటి అటూ ఇటూ చేస్తాను.

పాతపుస్తకాల_రావు
వాటా సరిగ్గా ఇవ్వమను. ఆదివారం ఎన్నింటికి మొదలు? ఆన్‌లైన్లో చూడనిస్తే వస్తాను.

గుహలో_దీపం
మూడింటికి. లింకు మెసేజ్‌లో పంపుతాను.